జార్జి ఎలియట్ నవలలందలి హాస్యము

జార్జి ఎలియట్ పేరు వినగానే నవ్వు జ్ఞప్తికి తెచ్చుకొనువారు అరుదు. ‘సైలస్ మార్నరు’ను పాఠ్యగ్రంథముగా చదివినవారికి పరీక్షయు, పరీక్షకై వల్లించిన నీతులును మాత్రమే జ్ఞాపకముండును. ‘మిడిల్‌మార్చి’ని తుదిముట్ట చదివినవారు వ్రతము ముగించి ఉద్యాపనము చేసినట్లు చెప్పుకొందురు. ఆమె చిత్తరువులు చూచినను ఆ భావమే బలపడును: పొడవైన ముఖము, బరువైన దవడ, ఏదో దుఃఖమును ధ్యానించుచున్నట్లుండు కన్నులు. ఇట్టి రచయిత్రి గ్రంథములలో హాస్యము వెదకబోవుట గుడిలో వినోదము వెదకబోవుటవంటిదని కొందరికి తోచవచ్చును. మన గుళ్లలో వినోదమునకు కొరత లేదన్నమాట వేరు.

మేమును చాలకాలము అట్లే తలచియుంటిమి. ఇటీవల ఆ నవలలను పరీక్షాభయము లేక, తీరికగా, ఇంటివారికి చదివి వినిపించుచు మరల చూచితిమి. వినుచున్నవారు పలుమారు నవ్విరి, మేమును నవ్వితిమి. అప్పుడు మాకొక సందేహము పుట్టెను. ఇంత నవ్వు ఉన్న పుస్తకములకు ఇంత గంభీరమైన పేరు ఎట్లు వచ్చినది? దీనికొక చరిత్ర గలదు. దానిని ముందు చెప్పి, పిదప నవలలకు వచ్చెదము.

జార్జి ఎలియట్ అనునది మారుపేరు. అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్సు. 1819 నవంబరు 22వ తేదీన, ఇంగ్లండు నడిమిభాగమందలి వార్విక్‌షైరులో, నన్‌యీటను పట్టణమునకు చేరువ జన్మించెను. తండ్రి ఒక భూస్వామి ఎస్టేటు వ్యవహారములు చూచు ఉద్యోగి. పాలెములు, కౌలుదారులు, పాలగదులు, వెన్న చిలుకు స్త్రీలు, చర్చి గుమాస్తాలు - ఇదియే ఆమె బాల్యమున చూచిన లోకము. పెరిగి పెద్దదియై జర్మను భాష నేర్చి, 1846లో స్ట్రాసు వ్రాసిన క్రీస్తు జీవితవిమర్శమును, 1854లో ఫోయరుబాకు మతతత్త్వగ్రంథమును ఇంగ్లీషులోనికి తెచ్చెను. ఆ 1854లోనే జార్జి హెన్రీ లూయిసు అను రచయితతో కాపురము పెట్టెను. ఆయన మొదటి భార్య జీవించియే యుండెను. విడాకులు పొందుటకు ఆనాటి శాసనము ఆయనకు దారి యీయలేదు. వివాహము లేకయే వారిరువురును 1878లో ఆయన మరణించువరకు భార్యాభర్తలవలె జీవించిరి. గౌరవకుటుంబముల స్త్రీలు ఆమె యింటికి రాకపోకలు మానిరి. అన్న ఐజాకు ఈ సంగతి 1857లో తెలిసికొని ఉత్తరములు ఆపివేసెను; 1880లో ఆమె జాన్ క్రాసు అనువానిని చట్టప్రకారము వివాహమాడిన పిదపనే మరల ఒక్క ఉత్తరము వ్రాసెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే ఆమె చనిపోయెను.

లోకమర్యాద దాటిన స్త్రీకి నవ్వు ఎంత ఖరీదైనదో సంస్కారపక్షము నవలంబించిన కుటుంబములవారికి మేము చెప్పనక్కరలేదు. ఆమె నవ్వినచో తేలికమనిషి, నవ్వకున్నచో గర్విష్ఠి. ఈ రెండింటిలో రెండవ నిందయే సుఖమని పెక్కుమంది యెంచుకొందురు. లండనులో ప్రయరీ అను తన గృహమున ఆదివారముల సాయంకాలము వచ్చు పండితులతో ఆమె మెల్లని స్వరమున, పెద్ద విషయములే ముచ్చటించెడిది. వచ్చినవారును గురుదర్శనమునకు వచ్చినట్లే వచ్చెడివారు. అలెగ్జాండరు మెయిను అను భక్తుడు ఆమె నవలలనుండి సూక్తులేరి 1872లో ఒక పుస్తకముగా కూర్చెను. పాత్రనుండి మాటను, సందర్భమునుండి పాత్రను వేరుచేసి, సూక్తిని మాత్రము పటము కట్టినచో ఎంత హాస్యమైనను వేదాంతమగును.

దీనికి తోడు ఒక తోటకథ. 1873లో మైయర్సు అను పండితుడు కేంబ్రిడ్జిలో ట్రినిటీ కళాశాల తోటలో వాన తుంపరపడుచున్న ఒక సాయంకాలము ఆమెతో నడచుచుండెను. దైవము, అమరత్వము, ధర్మము అను మూడు మాటల నెత్తుకొని, మొదటిది ఊహకందనిదనియు, రెండవది నమ్మరానిదనియు, మూడవదాని యాజ్ఞ మాత్రము తిరుగులేనిదనియు ఆమె భయంకరమైన గాంభీర్యముతో పలికెనట. ఆమె మరణానంతరము 1881లో అతడీ సంగతిని ప్రకటింపగా అది లోకమెల్ల ప్రాకెను. నాటినుండి ఆమె సిబిలువంటి ప్రవక్తిని యయ్యెను. 1885లో క్రాసు తన భార్య ఉత్తరములను మూడు సంపుటములుగా కూర్చి జీవితచరిత్రము ప్రకటించెను. మంచి భర్త, భార్య గౌరవమునకు భంగమగునని తోచిన చిన్నమాటలు, ఎత్తిపొడుపులు, చిలిపితనములు జాగ్రత్తగా కత్తిరించి వేసెను. ఆ గ్రంథము మూడు సంపుటముల మౌనమని గ్లాడ్‌స్టను ఆక్షేపించెనని చెప్పుదురు. కత్తిరింపబడిన మాటలు 1954 మొదలు 1978 వరకు గార్డను హైటు తొమ్మిది సంపుటములలో ఉత్తరములన్నిటిని అచ్చువేసినపుడుగాని పూర్తిగా బయటపడలేదు. వెస్టుమినిస్టరు కవుల మూలలో ఆమెకొక స్మారకశిల దొరకుటకును 1980 వరకు వేచియుండవలసివచ్చెను.

మొదటి పాఠకులు మాత్రము ఇట్లు భ్రమపడలేదు. ‘ఆడమ్ బీడు’ 1859 ఫిబ్రవరిలో వెలువడెను. మార్చిలోనే చార్లెసు బక్స్‌టను అను సభ్యుడు కామన్సుసభలో, అందలి మిసెసు పాయిజరు అను రైతుభార్య పలుకునొకదానిని తన వాదమునకు సాయము తెచ్చుకొనెను. ఒక మనుష్యుని గుడ్డులో పెట్టి మరల పొదిగి, మరియొక తీరున పుట్టింపవలెనను ఆమె పరిహాసమది. రెండునెలలు నిండకమున్నే ఒక పాలెములోని ఇల్లాలి మాట పార్లమెంటున సామెత యగుట ఎంతమందికి దక్కును?

ఆమె హాస్యమును గూర్చి ఆలోచింపక వ్రాసినది కాదు. నవలలు మొదలుపెట్టకమునుపు, 1856 జనవరిలో, ‘వెస్టుమినిస్టరు రివ్యూ’ పత్రికలో జర్మనుకవి హైనేను గూర్చి వ్రాయుచు చమత్కారమునకును హాస్యమునకును గల భేదమును చర్చించెను. చమత్కారము మెరుపువంటిది, రెండు దూరవస్తువుల నొక్కక్షణము కలుపును. హాస్యము మనుష్యుల స్వభావములలో, సందర్భములలో నెమ్మదిగా ఊరును. దాని పుట్టుక మాత్రము అంత మంచిది కాదని ఆమె అనుమానము: బాధతో మెలికలు తిరుగు శత్రువును చూచి అనాగరకుడు చేసిన క్రూరమైన వెక్కిరింపే హాస్యమునకు మూలపురుషుడై యుండునట. ఆ క్రూరవంశమున పుట్టిన హాస్యము సానుభూతితో ఎంతగా కలసిన అంతగా కవిత్వమగునని ఆమె మతము. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే ఆమె మొదటి కథ నారంభించెను.

మన దేశమున సంస్కారమునకు నవ్వు కొరడాగా ఉపయోగపడెను. వీరేశలింగము పంతులుగారి ప్రహసనములు ఎవరి వీపున తగులవలెనో వారి వీపుననే తగిలినవి, తగులవలసియే యుండెను. ఆ పద్ధతి కలవాటుపడిన మనకు, కొట్టక నవ్వు ఈమె తీరు మొదట చప్పగా తోచుటయు కలదు.

మిసెసు పాయిజరునే చూతము. ఆమె నోటికి ఇంటిలో ఎదురులేదు. మోలీ అను పనిపిల్ల పానపాత్రలు చేతినిండ పట్టుకొని వచ్చుచు కాలు తగిలి పడి అన్నియు నేలపాలు చేయును. యజమానురాలు అజాగ్రత్తను గూర్చి ఒక పురాణము చెప్పి, తానే పోయి మరియొక మంచి జగ్గు తెచ్చును. ఇంతలో మేనకోడలు హెట్టీ వేళాకోళమునకు మతప్రచారకురాలివలె నల్లదుస్తులు ధరించి ఎదుట నిలువగా, అదరిపడి ఆ జగ్గును తానే జారవిడుచును. అప్పుడు జగ్గులకు ఏదో గాలి సోకినదనియు, కొన్ని వస్తువులకు పగులు వ్రాసిపెట్టియుండుననియు సిద్ధాంతము మారిపోవును. ఏ యింటిలో ఈ సిద్ధాంతము ఇట్లు మారలేదు?

అదే నోరు మరియొకనాడు భూస్వామిమీద తిరుగును. ముసలి స్క్వయరు తీయని మాటలతో వచ్చి, దున్ను పొలము కొంత వదలుకొని పాడిభూమి ఎక్కువ తీసికొమ్మనును. అనగా చాకిరి ఆమెకు, లాభము ఆయనకు. భర్త నీళ్లు నములుచుండగా ఆమె ఏండ్లుగా మనసున దాచుకొన్నదంతయు కడిగివేయును. ఆయన గుర్రమెక్కి పారిపోవుచుండగా కుక్కలు మొరుగును, మగబాతు బుసకొట్టును, పనివారు నవ్వు దాచుకొందురు. మనమును నవ్వుదుము. కాని కౌలుపత్రము స్క్వయరు చేతిలోనిది; తరతరములుగా దున్నిన భూమి ఈ మాటలతో పోవచ్చును. ఆ సంగతి ఆమెకు తెలియును, తెలిసియే అన్నది. ఈ నవ్వులో భూమి పోవు భయము కలసియున్నది గనుకనే అది బరువైనది. తరువాత హెట్టీ వలన ఆ కుటుంబమునకు తీరని తలవంపు కలిగినపుడు, మెత్తనివాడని మనమనుకొన్న పాయిజరు రాయివలె కఠినుడగును; గయ్యాళియని నవ్విన ఆయన భార్య అతనికంటె తక్కువ కఠినముగా నుండును. రచయిత్రి దీనిని ఒక్కమాటలో చెప్పి ముందుకు సాగిపోవును. మేము మాత్రము అచట ఆగిపోతిమి.

హాస్యమునకు నిండుపంట ‘మిల్ ఆన్ ది ఫ్లాస్’ (1860). అందు డాడ్సనుల ఆడపడుచులు నలుగురు. వారి కుటుంబమున ప్రతిపనికిని ఒక పద్ధతి గలదు: బట్టలు వెలిపోయబెట్టుటకు, పండ్లు నిలువచేయుటకు, శవమును సాగనంపుటకు. ఆ పద్ధతి తెలియనివారు ఎంత గొప్పవారైనను వారి దృష్టిలో అర్ధమానవులే. మనలో ఈ డాడ్సనులు ఏ జిల్లాకు ఎందరున్నారో లెక్కించుట పాఠకులకే విడిచితిమి.

వారిలో మిసెసు పుల్లెటు కొత్తటోపీ కొనెను. చెల్లెలికి చూపవలెను. మొదట ఒక బీరువా తెరచి, మడతలు పెట్టిన గుడ్డల దొంతరల క్రిందనుండి ఒక తాళపుచెవి తీయును. అది టోపీపెట్టెది కాదు, గది తలుపుది. ఆ గదిలో చీకటి. కుర్చీలు బల్లలు తెల్లముసుగులు కప్పుకొని ప్రేతములవలె నిలిచియుండును. కిటికీ తలుపు సగము తీసి, మరియొక బీరువా తెరచి, కాగితము మీద కాగితము విప్పగా విప్పగా టోపీ దర్శనమిచ్చును. చెల్లెలు కోరగా ఒకసారి తలమీద నుంచుకొని మెల్లగా నలుదిక్కులకు తిరుగును. వెంటనే ఆమెకు దుఃఖము వచ్చును: చుట్టము అబటు ఆరోగ్యము బాగులేదు, అతడు చనిపోయినచో నల్లబట్టలు కట్టవలెను, అప్పుడీ టోపీ పెట్టుకొనుటెట్లు? టోపీకొరకో చుట్టముకొరకో తెలియని ఆ కన్నీటిని తుడుచుకొని, దానిని మరల కాగితములలో చుట్టి ఖననము చేయును. ఈమె త్రాగిన మందుల సీసాలనన్నిటిని భర్త పారవేయక దాచెను. తాను పోయిన పిదప లోకము చూడవలెనట. రెండు పొడవాటి అరలు ఇదివరకే నిండినవి. మూడవ అర నిండకమున్నే పోవుదునేమో యని ఆమె చింత.

ఇంతవరకు నవ్వే. పిదప టలివరు వ్యాజ్యమోడి దివాలాతీయును. ఇల్లు వేలమునకు వచ్చును. భర్త మంచముపట్టి యుండగా మిసెసు టలివరు సామానుగదిలో కూర్చుండి, కన్యగా నున్నపుడు తన పేరు అల్లుకొన్న మేజాగుడ్డలను, వెండి టీపాత్రను చూచి ఏడ్చుచుండును. ఇతరుల ఇండ్లలో తన పేరుగల గుడ్డలు పరతురుగదా యని ఆమె శోకము. అక్కచెల్లెండ్రు సభతీరి ఎవరు ఏది కొందురని చర్చింతురు. పుల్లెటమ్మకు చుక్కలున్న గుడ్డలే కావలెను. నవ్వు రాకమానదు, నవ్విన పెదవి వెంటనే బిగుసుకొనును. పెండ్లినాటి బిందెలు, పుట్టినింటి చీరలు అప్పులవారి పాలగుట చూచినవారికి ఈ యధ్యాయము కల్పనగా తోచదు.

పెద్దక్క మిసెసు గ్లెగ్గు. ఈమె కొత్తబట్టలు పెట్టెలో దాచి, చీకిపోవుచున్న పాతవి కట్టును. సవరముల విషయములోను నాగరికమైనది ఆదివారమునకే. మేనకోడలు మాగీ ఈమెకు కంటిలో నలుసు. పిల్ల జుట్టు నల్లన, ప్రశ్నలు మెండు. నవల ముప్పాతికభాగము ఈమెను నమిలిన రొట్టెవలె మరల మరల మనముందర పెట్టి నవ్వించిన రచయిత్రి, ఏడవ కాండమున మాగీ అపనిందపాలై ఊరికి తిరిగివచ్చినపుడు ఏమి చేసెను? తోబుట్టువైన అన్న టాము గడప త్రొక్కవద్దనెను. ఊరి స్త్రీలు తీర్పులు చెప్పిరి. అప్పుడీ గ్లెగ్గమ్మ, సొంత రక్తమును నిజము తేలకముందే విడుచుట డాడ్సనుల పద్ధతి కాదని మేనకోడలికి తన యింట చోటిత్తునని నిలిచెను. వీలునామాలో బంధుత్వపు దగ్గరిమినిబట్టి వాటాలు పంచవలెనను ఆమె పిచ్చినియమమునకు మనమింతకుముందు నవ్వియుంటిమి. ఆ నియమమే ఇప్పుడొక యువతికి నీడ. అనాథయైన మాగీకి ఆశ్రయమిచ్చిన మరియొకడు బాబ్ జేకిన్. బట్టలు కొలుచునపుడు వెడల్పైన బొటనవ్రేలిని గజమునకు చేర్చి ముసలమ్మలను మోసగింతునని తానే గొప్పగా చెప్పుకొన్న మూటవ్యాపారి. ఐజాకు ఉత్తరము లేక మూడేండ్లు గడచినపుడు వ్రాయబడిన నవల ఇది. తన యింటి గడప తనకు మూయబడిన స్త్రీ, మూయని మేనత్తనో పెద్దమ్మనో నవ్వుచునే కల్పించెను.

‘సైలస్ మార్నరు’ (1861)లో రెయిన్‌బో అను పానశాలలోని సంభాషణ చదువరు లెరిగినదే. మేసీ అను వృద్ధ చర్చి గుమాస్తా ఒక వివాహకథ చెప్పును. పాదిరి ప్రశ్నలు తారుమారుచేసి, భర్తగా నీమెను స్వీకరింతువా యని వధువును వరుని అడుగవలసినట్లు వరునే భార్యవలె అడిగెనట. మాటలు తప్పినపుడు పెండ్లి నిలుచునా? మాటయా, భావమా బంధించునది? తుదకు పాదిరియే చెప్పెను: రెండును గావు, రిజిస్టరు బంధించునని. మంత్రమా, సప్తపదియా, రిజిస్టరా యని ఒకప్పుడు సభలలో గొంతులు చించుకొన్న మనవారు ఈ మేసీని సభాధ్యక్షునిగా పెట్టుకొనవలసినది. తరువాత దయ్యములున్నవా లేవా యని వాదము ముదురును. లేవని పందెము కాయువాడు ఒకడు. సరిగా అప్పుడు ధనము పోగొట్టుకొన్న నేతగాడు పాలిపోయిన ముఖముతో తలుపున నిలిచియుండును, పందెగాడును ఉలికిపడును. పదునైదేండ్లు పొరుగువాడై యుండియు దయ్యమువలె బ్రతికిన ఆ మనుష్యుని ఊరివారు మొదటిసారి మనుష్యుడుగా చూచుట ఈ నవ్వుల నడుమనే జరుగును.

‘రొమోలా’ను గూర్చి ఎక్కువ చెప్పము. పదునైదవ శతాబ్దపు ఫ్లారెన్సు నగరమును గ్రంథాలయములో కూర్చుండి కట్టిన నవల అది. అందొక మంగలి హాస్యమాడును. ఎవరికిని నవ్వు రాదు. చూడని కాలపు పరిహాసము పుస్తకములవలన దొరకదు కాబోలు.

‘మిడిల్‌మార్చి’ (1871-72) 1832 నాటి సంస్కరణ బిల్లు కాలమునకు సంబంధించినది. అందు బ్రూకుగారు సంస్కర్త. అన్ని విషయములలోను ఒకప్పుడు కొంత దిగి చూచినవాడు. ఎందులోను అడుగు ముట్టినవాడు కాడు. పార్లమెంటును బాగుచేయ బయలుదేరెను; తన పాలెపు తలుపులు ఊడిపోవుచున్నవి, తన కౌలుదారుల ఇండ్లు కురియుచున్నవి. డాగ్లీ అను కౌలుదారుడు త్రాగియున్న ధైర్యమున, సంస్కరణ వచ్చి నీవంటి యజమానుల పని పట్టునని సంస్కరణ అభ్యర్థియైన ఆయననే బెదిరించును! ఎన్నికల సభలో గుంపు ఆయన గడ్డిబొమ్మ నెత్తి, ఆయన మాటలనే వింతగొంతుతో మరల పలికి, గ్రుడ్లు విసరును. ఆయన చెడ్డవాడు కాడు. మాపక్షమువాడే. ఈ యధ్యాయములు చదువుచున్నంతసేపు మాకు ఎదురింటివారెవరును జ్ఞప్తికి రాలేదు. మా సభలు, మా తీర్మానములు, మా యింటి వెనుకవైపు గోడయే కనబడినవి.

అందే వితంతువు తలగుడ్డ కథయును గలదు. డొరోతియా భర్త కాసబను, తాను పోయిన పిదప లాడిస్లా అనువానిని వివాహమాడినచో ఆస్తి దక్కదని వీలునామాలో చేర్చి చనిపోయెను. ఆమె వైధవ్యచిహ్నమైన కుళ్లాయి ధరించి, అది చిప్పవలె తనకు అలవాటైనదనును. చెల్లెలు సీలియాకు తత్త్వములు తెలియవు. ఉక్కగా నున్నదని మాత్రము తెలియును. చూచువారికే చెమటలు పోయుచున్నవని లేచి ముడివిప్పి దానిని కుర్చీమీద పడవైచును. జుట్టు విడుదలయగుసరికి మరది లోనికి వచ్చి తృప్తిగా ఒక్క ఊపిరి విడుచును. ఏడాదియైనను ధరింపవలెనని పెద్దామె, అంతలోపల పెండ్లియైననో యని మరియొకామె. ఎన్ని ఉపన్యాసములు చేయని పని ఒక ఉక్కబోత చేసెను! క్షురకుని కత్తి నెరిగిన మన యిండ్లలో ఈ పుటకు నవ్వు మెల్లగా వచ్చును. వచ్చిన పిదప చాలసేపు నిలుచును.

ఆమెకు లోపము లేకపోలేదు. తాను మిక్కిలి ప్రేమించినవారియెడ ఈమె నవ్వు జంకును. ఫీలిక్సు హోల్టును, డేనియలు డెరాండాయును తప్పుచేయరు, తడబడరు. అందుచే ఊపిరియు తీయరు. లాడిస్లాను గూర్చియు మాకట్లే తోచును. కాసబనునందు మాత్రము నవ్వును దయయు సమానముగా పనిచేసినవి. సమస్త పురాణములకు మూలము కనుగొందునని జీవితమంతయు చీటీలు వ్రాసికొన్న పండితుడు. అదే విషయమున జర్మనులు సాగించిన పరిశోధనము చదువుటకు ఆ భాష రానివాడు. పెండ్లినాటికి హృదయమున ప్రేమ వరదవలె పొంగునని ఎదురుచూచి, అడుగు తడియని కాలువ చూచి ఆశ్చర్యపడినవాడు. నెత్తుటికి బదులు విరామచిహ్నములున్నవని పొరుగామె ఆడిపోసికొనును. మనము నవ్వుచుండగనే రచయిత్రి మనల నాపి, తన పని వ్యర్థమని లోపల నెరిగి బయట చెప్పుకొనలేని వాని రాత్రులు ఎట్లుండునో చూడుమనును.

ఇతనిని ఎవరిని చూచి వ్రాసితిరని ఒక మిత్రుడు ఆమెనడిగెను. ఫలానా పండితుడని, ఫలానా ఆచార్యుడని ఊరివారు పందెములు వేసికొనుచున్న కాలమది. ఆమె ముఖమున గాంభీర్యమును పరిహాసమును కలసినవి. మాటాడక తన గుండెను చూపెను. దీనిని వ్రాసియుంచినవాడును ఆ మైయర్సే; తోటలోని ధర్మోపదేశమును ప్రకటించిన ఆ వ్యాసముననే.